ఎర్రనీటికి గోడ అడ్డు కాదు

ప్రశ్న: మహబూబ్‌నగర్ శివారులో వాలుగా ఉన్న రెండెకరాల చల్క భూమిలో ఫంక్షన్ హాలు కడుతున్నాము. వేసవిలోనే జేసీబీతో స్థలమంతా చదును చేయించాము. జూన్ నుంచి వాన పడిన ప్రతిసారీ ఎర్రనీరు దిగువ వరి మళ్లలోకి, అక్కడి నుంచి కుంటలోకి పోతున్నది. రైతులు నిలదీస్తున్నారు. దిగువ హద్దులో ప్రహరీ గోడ కడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గోడ వెనుక నిలిచిన నీరు ఏదో ఒక మూలన దారి చేసుకొని, అక్కడ ధారగా దూకి రైతుల గట్లను కోసేస్తుంది. ముందుగా, వాన పడుతున్నప్పుడు హద్దు దగ్గర పారే నీటిని గాజు సీసాలో పట్టి, కదపకుండా కిటికీలో ఉంచి చూడండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది గాని, ఎరుపు మరునాటికి కూడా పూర్తిగా తేరుకోదు. ఆ సన్నని బంకమట్టి హద్దులో తవ్విన గుంటలోనూ ఆగక, కుంటలో పూడికగా చేరుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఊరూరా పూడిక తీయించింది నీటి నిల్వ పెరగాలనే కదా. ఆ చోటును నిర్మాణాల మట్టి మళ్లీ ఆక్రమించడం బాధాకరం. కాబట్టి మట్టిని ఉన్నచోటనే పట్టి ఉంచడం అసలు పని.

బోడి నేల మీద చినుకు నేరుగా పడి మట్టిగడ్డను చితక్కొట్టినప్పుడే కోత మొదలవుతుంది. అందువల్ల ఈ నెలలో పని జరగని భాగమంతా నేల కనపడకుండా వరిగడ్డి పరిపించండి. పల్లి పొట్టు చౌకగా దొరికినా నీటికి తేలి కొట్టుకుపోతుంది, దానిని నమ్మవద్దు. నెలల తరబడి ఖాళీగా ఉండే చోట ఉలవలు చల్లితే తీగ అల్లుకొని నేలను కాపాడుతుంది. పునాది మట్టి కుప్పలకు టార్పాలిన్ కప్పించండి.

ఎగువ హద్దు వెంట కాలువ తీయించి, పై చేల నీరు మీ స్థలంలోకి దిగకుండా పాత పారుడు దారిలోనే కలపండి. కాలువ చివర రాళ్లు పరిపించడం మరువవద్దు.

ఇవన్నీ అయ్యాకనే దిగువన జియోటెక్స్‌టైల్ గుడ్డతో (నీటిని వదిలి మట్టిని పట్టే సింథటిక్ గుడ్డ) అడ్డు కట్టించండి. చాలామంది షేడ్‌నెట్‌ను కర్రలకు కట్టి వదిలేస్తారు, నీరంతా దాని కింద నుంచే జారిపోతుంది. గుడ్డ అడుగు అంచును సుమారు 15 సెంటీమీటర్లు భూమిలో పాతి, మట్టి దిమ్మిస చేయించాలి. మేట గుడ్డ ఎత్తులో మూడో వంతుకు చేరగానే తీయించాలి.

రైతుల మళ్లలో ఇప్పటికే పడిన మేటను నాట్లకు ముందే మీ ఖర్చుతో ఎత్తించండి.