ఆక్స్ హిల్ వ్యాసం చదివాక

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సేనలు తలపడిన ఆక్స్ హిల్ యుద్ధభూమి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మనవాళ్ళు ఎందరో రోజూ ఆ రోడ్ల మీదుగానే ఆఫీసులకు పోతుంటారు. నువ్వు కారాపి, బోర్డు చదివి, దాని గురించి రాయాలనుకున్నావు. చాలా సంతోషం.

కానీ నీ వ్యాసంలో సగం ఆ బోర్డే ఉంది. వర్జీనియాలో 1927 నుంచి పెడుతున్న ఆ నల్లక్షరాల బోర్డులు దారిన పోయేవాళ్ళ కోసం పుట్టినవి. తేదీ, సేనాపతుల పేర్లు, ఎవరు వెనక్కి తగ్గారు అన్నవి చెప్పేసరికే చోటు అయిపోతుంది. నీకు ఆ ఇరుకు లేదు కదా, మరి అక్కడే ఎందుకు ఆగిపోయావు?

వాన సంగతే చూడు. ఒక్క వాక్యంలో దాటేశావు. 1862 సెప్టెంబరు 1 సాయంత్రం కథంతా ఆ ఉరుముల వానలోనే ఉంది. అప్పటి తూటా అంటే కాగితంలో చుట్టిన మందు, సీసపు గుండు. సిపాయి ఆ కాగితాన్ని పళ్ళతో చించి, మందు గొట్టంలో పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించాలి. కాగితం తడిస్తే మందు ముద్దయిపోతుంది, తుపాకీ పేలదు. అప్పుడిక తుపాకులు తిరగేసి బాదుకున్నారు, బాయ్‌నెట్లతో పొడుచుకున్నారు. ఆ తడిసిన కాగితం దగ్గర కాసేపు నిలబడు.

ఉత్తరాది సేనాపతి స్టీవెన్స్ చావుకు నాలుగు విశేషణాలు తగిలించావు. అన్నీ కొట్టెయ్. పడిపోయిన జెండా అందుకుని ముందుకు నడిచాడు, తలకు గుండు తగిలింది. కొడుకు హేజార్డ్ అదే పోరులో గాయపడ్డాడు. ఈ మాత్రం చాలు. అతని తోటి సేనాపతి కియర్నీ కూడా అంతే: మెక్సికో యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న మనిషి, మసక చీకట్లో గుర్రం మీద శత్రువుల మధ్యకే వెళ్ళి చనిపోయాడు.

పల్నాటి యుద్ధంతో పోల్చిన పేరా వద్దు. అన్నదమ్ముల పోరని సరిపెడితే అసలు కారణం మరుగునపడుతుంది. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికి. 1860 నాటికి ఒక్క వర్జీనియాలోనే దాదాపు 4,90,000 మంది బానిసలు. వాళ్ళు లేకుండా ఈ వ్యాసం అచ్చు కావడం నాకిష్టం లేదు.

ఇక ఆ పార్కు. యుద్ధం జరిగిన నేలలో పార్కుగా మిగిలింది ఇంచుమించు ఐదెకరాలు, చుట్టూ ఇళ్ళు, దుకాణాలు. అందులో 1915లో పెట్టిన రెండు రాళ్ళు, కియర్నీకి ఒకటి, స్టీవెన్స్‌కు ఒకటి. ఇద్దరూ ఉత్తరాది సేనాపతులు. వాటికి తమ పొలంలో జాగా ఇచ్చింది మేరీ, జాన్ బాలార్డ్ దంపతులు. జాన్ దక్షిణాది పక్షాన పోరాడినవాడు! ఇంత పెద్ద సంగతిని నువ్వెలా వదిలేశావమ్మా? అతని మనసులో ఏముందో నువ్వు తీర్పు చెప్పకు. చేసిన పని రాయి. దాని వెంటే, 1902 నాటి వర్జీనియా రాజ్యాంగం తలపన్ను, పరీక్షలు పెట్టి నల్లజాతివాళ్ళలో ఎక్కువమంది ఓటు ఊడగొట్టిన సంగతీ రాయి. తెల్లవాళ్ళు రెండు వైపుల నుంచీ చేతులు కలుపుకుంటున్న కాలం అది. ఈ రెండూ ఒకే పేరాలో పక్కపక్కనే ఉండాలి.

వాన భాగం ముందు తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.