ఎడారిలో బతికిన పాతకాలం మనుషులు అడవి తిండి మానేసి సేద్యంలోకి ఎప్పుడు మారారు?

మీ ప్రశ్నలో "మానేసి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నేను అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ ఊళ్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. సొనోరన్ ఎడారి మధ్యలో ఉండే ఊరు ఇది. ఇక్కడి పాత మనుషుల గురించి చదివి, వాళ్లు తిన్నవి కొన్ని నా చేతులతో ఏరి చూశాక నాకు అర్థమైంది ఒకటే. వాళ్లు సేద్యం మొదలుపెట్టారు గానీ, అడవి తిండి మానలేదు. వేల ఏళ్ల పాటు మానలేదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఇంటి వెనక చెట్టును చూడగానే గుర్తుపట్టాను. మాది అనంతపురం జిల్లా. ముళ్లు, సన్నటి ఆకులు, వేలాడే పసుపుపచ్చ కాయలు చూస్తే అచ్చం మన సర్కారు తుమ్మే. ఇక్కడ దీన్ని మెస్కీట్ అంటారు. నిజంగానే ఒకే కుటుంబం, మన జమ్మి కూడా వీటికి దగ్గరి చుట్టమే. మా ఊళ్లో ఆ కాయలు మేకలు తింటాయి. ఇక్కడ మాత్రం వేల ఏళ్లు మనుషులకు అదే ప్రధానమైన తిండి.

టూసాన్ పక్కన శాంటా క్రూజ్ నది ఒడ్డున లాస్ కాపాస్ అనే చోట తవ్వకాలు జరిగాయి. అక్కడ బయటపడ్డ కాలువలు 3,000 ఏళ్లకు పైబడినవి. పెద్ద కాలువ, దాని నుంచి పిల్ల కాలువలు, గట్లు కట్టిన చిన్న చిన్న మడులు, మడుల్లో విత్తు గుంటలు. ఫొటో చూస్తే మా నాన్న మడవ తిప్పి నీళ్లు కట్టడమే గుర్తొచ్చింది. మెక్సికో నుంచి వచ్చిన మొక్కజొన్న అయితే ఈ ప్రాంతానికి ఇంకా ముందే, సుమారు 4,000 ఏళ్ల కిందటే చేరింది.

ధాన్యం దాచుకోవడానికి వాళ్లు నేలలో గుంతలు తవ్వుకునేవారు. మూతి ఇరుకు, లోపల కడుపు వెడల్పు. ఇది మన పాతరే, వేరే పేరు అక్కర్లేదు. ఇలాంటి ఊళ్లలో మొక్కజొన్నతో పాటు మెస్కీట్ గింజలు, అడవి తోటకూర గింజలు, కుందేళ్ల ఎముకలు కూడా దొరుకుతాయి. వంటకూ నిల్వకూ మట్టికుండలు విరివిగా వాడటం మాత్రం క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లోనే మొదలైంది. అంటే దాదాపు రెండు వేల ఏళ్లు కుండలు లేకుండానే సేద్యం చేశారు. ముందు సేద్యం, వెంటనే కుండ, ఆ తర్వాత ఊరు అని బళ్లో మనం చదువుకున్న వరస ఇక్కడ కుదరదు.

మరి సేద్యం, అడవి తిండి రెండూ ఎందుకు? టూసాన్‌లో ఏడాదికి పడేది సుమారు 300 మిల్లీమీటర్ల వాన, మా అనంతపురంలో పడేదాంట్లో దాదాపు సగం. అందులోనూ సగం జులై నుంచి సెప్టెంబరు లోపలే. ఆ వాన తప్పిందంటే మొక్కజొన్న పోయినట్టే. నది అడుగు కోసుకుపోయి బాగా లోతుకు దిగితే కాలువకు నీళ్లెక్కవు. మెస్కీట్‌కు ఆ బాధ లేదు. టూసాన్ దగ్గర ఒక గనిలో 50 మీటర్ల లోతున కూడా దీని వేళ్లు కనిపించాయి. పైన వాన పడకపోయినా అడుగు నీళ్లు తాగి కాస్తుంది. పైగా కాయ పండేది జూన్‌లో, అంటే నిరుడు దాచిన గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా వేయని రోజుల్లో. మా అవ్వ శెనక్కాయ చేను చేస్తూనే గట్ల మీద గురుగాకు, చెంచలాకు కోసుకొచ్చేది. ఆవిడను ఎవరైనా "నువ్వు రైతువా, అడవి తిండి ఏరుకునే దానివా" అని అడిగి ఉంటే ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

మొదటి ఏడాది నేను కాయలు ఏరడం ఆలస్యం చేశాను. జులైలో రెండు వానలు పడ్డాక రెండు బకెట్లు ఏరి గరాజ్‌లో పెట్టాను. వారానికి బూజు పట్టి అన్నీ పారేయాల్సి వచ్చింది. వానకు ముందే ఏరాలి, విరిస్తే టప్పున విరిగేదాకా ఎండబెట్టాలి. కాయ పండాక వానకు ముందు దొరికే ఆ కొద్ది రోజులు దాటితే తిండి చేజారినట్టే. మరుసటి ఏడాది సరిగ్గా ఎండబెట్టి, మిల్లు ఆడించే చోటికి తీసుకెళ్లాను. పిండి లేత గోధుమ రంగు, బెల్లం వాసన. రాగిపిండిలో కలిపి రొట్టె చేస్తే మా పిల్లలు మారు అడిగారు. లోపలి గింజ మాత్రం రాయిలా ఉంటుంది, మన మిక్సీలో వేయొద్దు. పూర్వం వాళ్లు బండ రోళ్లలో దంచేవారు. ఈ చుట్టుపక్కల కొండల్లో బండల మీద ఇప్పటికీ ఆ రోటి గుంటలున్నాయి, చెయ్యి పెడితే మోచేతి దాకా నున్నగా దిగుతుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ సన్‌సెట్ రోడ్డు పనుల సమయంలో, 2,500 నుంచి 3,000 ఏళ్ల నాటి ఒక తడి మడి అలాగే బయటపడింది. 2016లో వార్తల్లో వచ్చింది. అందులో పెద్దవాళ్ల అడుగులు, పిల్లల అడుగులు, ఒక కుక్క అడుగులు. బురదలో నడిచి వెళ్లాక వరదొచ్చి సన్నటి ఇసుక కప్పేయడంతో అవి నిలిచిపోయాయి. ఆ ఫొటోలో కాలివేళ్ల మధ్య పైకి లేచిన బురద కూడా కనిపిస్తుంది.

తర్వాత వచ్చిన హొహొకమ్ మనుషులు ఇప్పటి ఫీనిక్స్ నగరం ఉన్నచోట వందల మైళ్ల కాలువలు తవ్వారు. 1450 ప్రాంతానికి ఆ పెద్ద కాలువలు మూలబడ్డాయి. అంత పెద్ద సేద్యం ఉన్న రోజుల్లో కూడా వాళ్లు మెస్కీట్ దంచుకున్నారు, సగ్వారో జెముడు పండ్లు కోసుకున్నారు.

వాళ్ల వారసులమని చెప్పుకునే, ఈ ఎడారి మూలవాసులైన టోహోనో ఓఓదమ్ జనం ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా ఏడాదికి రెండు ఊళ్లలో బతికారు. వానాకాలం వాగు నోటి దగ్గర చేలల్లో ఉండి టెపరీ చిక్కుళ్లు, మొక్కజొన్న వేసేవారు. చలికాలం కొండల్లో ఊటల దగ్గర ఉండి వేటాడేవారు. వాళ్ల కొత్త సంవత్సరం సగ్వారో పండ్ల కోతతో మొదలవుతుంది. ఒక జూన్‌లో ఓఓదమ్ పెద్దావిడ ఒకరు మా ముందు కోసి చూపించారు. ఎండిన సగ్వారో ఈనెలు కట్టిన పొడుగాటి కర్రతో పండు రాల్చి, గుజ్జు తీసి గిన్నెలో వేసుకున్నారు. ఖాళీ తొక్కను పారేయలేదు. ఎర్రటి లోపలి వైపు ఆకాశానికి కనిపించేలా చెట్టు మొదట్లో పెట్టారు. ఎందుకని అడిగితే, వాన రావడానికి అన్నారు. ఆ వాన పడితేనే వాళ్లు చిక్కుళ్లు విత్తుతారు.