బోటు రాష్ట్రం మారితే రికార్డు కూడా వెంట వస్తుందా?

అమెరికాలో బోటుతో సహా వేరే రాష్ట్రానికి మారితే పాత రిజిస్ట్రేషన్ రికార్డు దానంతటదే కొత్త రాష్ట్రానికి చేరుతుందా అని అడిగారు. చేరుతుందిలే అని కూర్చుంటే నాలాగే నెల రోజులు పోగొట్టుకుంటారు.

కోస్ట్ గార్డ్ దగ్గర వెసెల్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్ అని ఒక ఉమ్మడి డేటాబేస్ ఉంది. కానీ అందులో చేరడం, చేరకపోవడం రాష్ట్రాల ఇష్టం. నేను కొత్త రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఆవిడ చూసింది నా చేతిలోని కాగితాలే.

మా పాత రాష్ట్రంలో బోట్లకు టైటిల్ (యాజమాన్య పత్రం) ఇవ్వరు, రిజిస్ట్రేషన్ కార్డు ఒక్కటే. కొత్తచోట టైటిల్ తప్పనిసరి. కొన్నప్పటి అమ్మకం రసీదు (బిల్ ఆఫ్ సేల్) దాచుకున్నాను కాబట్టి ఆ గండం గడిచింది. బోటు ఒంటి మీద ఉండే గుర్తింపు నంబర్, అంటే హల్ నంబర్ దగ్గర మాత్రం బండి ఆగింది. బోటు వెనక పలక మీద కుడివైపు పైన ఉండే 12 అక్షరాల నంబర్ అది. నా పాత కార్డులో ఆ నంబర్‌లోని సీరియల్ భాగం మధ్య సున్నా బదులు 'ఓ' అక్షరం కొట్టారు. ఆరేళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతూ నేనూ గమనించలేదు! అసలు ఆ సీరియల్ భాగంలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడకూడదనే రూలుంది. చివరికి నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చూ ఫొటోలూ పంపి, దిద్దిన కార్డు తెప్పించుకునేసరికి మూడు వారాలు పట్టింది. మీరు బయల్దేరే ముందే కార్డునూ బోటునూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

కంగారేం లేదు, పాత రిజిస్ట్రేషన్ నంబర్‌ను కొత్త రాష్ట్రం కనీసం 60 రోజులు ఒప్పుకోవాలని ఫెడరల్ రూలు. అడ్రస్ మారిన సంగతి మాత్రం పాత రాష్ట్రానికి 15 రోజుల్లో చెప్పాలి. కొత్త కార్డు వచ్చాక దాని కాపీ పంపి, పాత రికార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు, మరుసటి ఏడాది రెన్యువల్ నోటీసు వచ్చింది.

ఇంకోటి, ముందు భాగంలో రెండు వైపులా అంటించి ఉన్న పాత రిజిస్ట్రేషన్ నంబర్ పీకేయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే సులువుగా ఊడొస్తుంది. ఎండకు చుట్టూ రంగు వెలిసిపోయి పాత అంకెల నీడ మిగిలితే పాలిష్ పట్టించండి. నా బోటు మీద ఆ నీడ చూసే బోట్లను తనిఖీ చేసే ఒక వార్డెన్ ఆపి, రెండు కార్డులూ అడిగాడు.