క్షయ, న్యుమోనియాలపై పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. క్షయ, న్యుమోనియా వంటి ఊపిరితిత్తుల జబ్బులపై పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ఆ క్రిములు ఎక్కడ అంటుకుంటాయోనని మా ఆవిడ భయం. ఏళ్ల తరబడి చదువుతూ ఉంటే సంపాదన ఎప్పుడన్నది నా బెంగ. బీఈడీ చేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: అయ్యా, అమ్మాయిని నిరభ్యంతరంగా పంపించండి. కాకపోతే ఎంఎస్సీ సీటు కోసం పరుగులు పెట్టేముందు ఆమె ఒక్క వేసవైనా అసలైన పరిశోధనశాలలో పనిచేసి రావాలి. ఎందుకో చెబుతాను.

ముందు అమ్మగారి భయం సంగతి. మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లే దారిని ఇప్పటికీ పాత టీబీ శానిటోరియం రోడ్డు అంటారు. ఒకప్పుడు క్షయ సోకినవారిని అలాంటి చోట్ల ఇంటికి దూరంగా నెలల తరబడి ఉంచేవారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన కేంద్రం కొందరు రోగులకు శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి పోల్చి చూసింది. ఇంటి దగ్గర వైద్యం కూడా దాదాపు అంతే బాగా పనిచేసిందని, ఇంట్లోవారికి అందువల్ల అదనంగా ముప్పేమీ రాలేదని 1959లో వెల్లడించింది. క్షయ రోగిని చూసే తీరే దానితో మారిపోయింది. ఆ కేంద్రమే ఇప్పుడు చెన్నైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. మీ అమ్మాయి వెళ్తానంటున్నది ఇలాంటి పనికి.

ల్యాబులో ప్రమాదం అసలే లేదని నేను చెప్పను. క్షయ క్రిమిని పెంచే గదిలో గాలి బయటికి పొక్కకుండా ఏర్పాటు ఉంటుంది. ఎన్95 మాస్కు, గౌను వేసుకుని, గాలిని వడగట్టే క్యాబినెట్‌లో చేతులు పెట్టి పని చేస్తారు. నేర్చుకునే దశలో సాధారణంగా దాని చుట్టమైన, దాదాపు హాని చేయని స్మెగ్మాటిస్ అనే బ్యాక్టీరియా మీదే చేయి తిప్పిస్తారు. పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఈ ఏర్పాట్ల గురించి నిస్సంకోచంగా అడగమనండి. సూటిగా జవాబు చెప్పని ల్యాబు వద్దు.

నాకు భయం కంటే ఓపిక మీదే ఎక్కువ పట్టింపు. మన పేగుల్లో ఉండే మామూలు ఈ-కోలై బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. క్షయ క్రిమికి ఇరవై గంటల దాకా పడుతుంది. రోగి తెమడను శుద్ధి చేసి, క్రిములు పెరగడానికి కోడిగుడ్ల సొనతో చేసే ఆకుపచ్చని ఎల్‌జే మీడియం మీద వేస్తే, కాలనీలనే గరుకైన లేత పసుపు చుక్కలు కనిపించడానికి వారాలు గడవాలి. మధ్యలో వేరే క్రిమి పడిందా, ఆ సీసా పారేయాల్సిందే. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాది మరో రకం పేచీ: ఒక్క రాత్రిలో పెరుగుతుంది గానీ, నమూనా ల్యాబుకు చేరడం ఆలస్యమైతే చచ్చిపోతుంది. రక్తం కలిపిన అగార్ పళ్లెంలో కాలనీల చుట్టూ ఆకుపచ్చని వలయం వచ్చిందా లేదా అని పొద్దున్నే చూసుకోవడంలో మీ అమ్మాయికి ఆనందం ఉందా? ఇది పుస్తకం చదివితే తెలిసేది కాదు. అందుకే ఆ వేసవి పని.

ఇక డబ్బు. ఎంఎస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. ఐసీఎంఆర్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) కూడా విడిగా ఫెలోషిప్పులు ఇస్తాయి. పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు. అంటే ఆ ఐదేళ్లూ ఆమె మీ జేబు మీద ఆధారపడదు. పరీక్ష మాత్రం కష్టం. మొదటిసారికే రాకపోతే నిరాశపడనవసరం లేదు. ఎంఎస్సీ అయ్యాక రెండేళ్లు గడువు పెట్టుకోండి. ఆ రెండేళ్లూ ఇంట్లో కూర్చోకుండా ఏదో ఒక ప్రాజెక్టులో సహాయకురాలిగా పనిచేస్తూ రాయాలి. అప్పటికీ రాకపోతే బీఈడీ ఎక్కడికీ పోదు.

పీహెచ్‌డీ తర్వాత పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువే, దాచను. పరిశోధన సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టులకు పోటీ గట్టిగా ఉంటుంది. మన పక్కన హైదరాబాద్ ఉండటం కలిసొచ్చే విషయం. అక్కడి బయలాజికల్ ఈ అనే కంపెనీ 14 రకాల న్యుమోకాకస్‌ను ఎదుర్కొనే టీకా తయారుచేసింది, భారత్ బయోటెక్ క్షయ టీకా ప్రయోగాల్లో ఉంది. ఇలాంటి చోట్ల బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని కంప్యూటర్‌లో చదవగలిగినవారికి గిరాకీ ఉంటుంది. కాబట్టి స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టించండి. మైక్రోబయాలజీ పిల్లలు లెక్కలంటే తప్పించుకు తిరుగుతారు, అక్కడే చాలామంది వెనకబడతారు.

ఎంఎస్సీకి నాగార్జున విశ్వవిద్యాలయమైతే ఏపీ పీజీసెట్, పాండిచ్చేరి వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఇంటికి దగ్గరా దూరమా అని కాక, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారో సీనియర్లను అడిగి నిర్ణయించుకోండి.

వేసవి పనికి దారి ఉంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఏటా విద్యార్థులకు వేసవి ఫెలోషిప్పులు ఇస్తుంది. దరఖాస్తులు చాలా ముందుగానే పిలుస్తారు కాబట్టి అర్హత నిబంధనలు ఇప్పుడే చూసుకోండి. ఒక అధ్యాపకుడి సిఫారసు కావాలి. ఆమెను ల్యాబులో దగ్గరగా చూసిన లెక్చరర్ ఎవరో తేల్చుకుని, ఈ నెలలోనే వెళ్లి మాట్లాడమనండి.