స్పాట్ అడిగే పద్ధతి: అల్లుడికి ఒక లేఖ

హ్యూస్టన్ నుంచి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

పోయిన శుక్రవారం డాలస్‌లో జరిగిన సంగతి నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నేను సరిగా జవాబివ్వలేకపోయాను, పక్కనే మీ అత్తయ్య కూర్చుని ఉంది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. నైన్ బాల్ ఆట, అంటే ఒకటి నుంచి తొమ్మిది అంకెల బంతుల్లో బల్ల మీదున్న చిన్న అంకె బంతిని ముందు తాకుతూ, తొమ్మిదోది పాకెట్‌లో వేసినవాడు గెలిచే పూల్ ఆట. ఏడు గేముల రేస్, అంటే ముందు ఏడు గెలిచినవాడిది సెట్టు, సెట్టుకు నలభై డాలర్లు. ఏడు నాలుగు తేడాతో రెండు సెట్లు వరుసగా ఓడిపోయావు. రెండో సెట్టు చివరి బంతి పాకెట్‌లో పడీ పడకముందే, "నాకు సెవెన్ ఇస్తేనే ఇంకో సెట్టు" అన్నావు, అంటే ఏడో బంతి వేసినా నువ్వు గెలిచినట్టే లెక్కించాలని. తక్కువ ఆటగాడికి ఇచ్చే ఇలాంటి వెసులుబాటునే స్పాట్ అంటారు. ఎదుటి మనిషి నవ్వి, క్యూ, అంటే ఆడే కర్ర, రెండు ముక్కలుగా విప్పి కేసులో పెట్టుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు టీవీ వైపు తిరిగారు. నేను అడిగినదాంట్లో తప్పేమిటి మావయ్యా అని నువ్వు అడిగావు.

మొదటి తప్పు చాలా చిన్నది, కానీ అందరి కళ్ళలో పడేది. రెండో సెట్టు తాలూకు నలభై డాలర్లు అప్పటికింకా నీ జేబులోనే ఉన్నాయి. బాకీ చేతిలో ఉంచుకుని కొత్త బేరం మొదలుపెడితే, నువ్వు ఆ ఉద్దేశంతో అనకపోయినా, "స్పాట్ ఇస్తేనే పాత డబ్బు ఇస్తాను" అన్నట్టు వినిపిస్తుంది. ఓడిన వెంటనే డబ్బు లెక్కపెట్టి చేతికివ్వాలి, బాగా ఆడారని ఒక మాట అనాలి, వీలైతే వెళ్ళి మంచినీళ్ళు తాగి రావాలి. ఆ రెండు నిమిషాల విరామం తరువాత నువ్వు ఏది అడిగినా అది తరువాతి ఆట గురించిన మాట అవుతుంది. అంతకు ముందు అడిగితే జరిగిపోయిన ఆట మీద ఏడుపు అవుతుంది.

స్పాట్ అడగడం మాత్రం సిగ్గుపడవలసిన పని కానే కాదు. మలక్‌పేట రేసుల్లో పెద్ద రేటింగు ఉన్న గుర్రం మీద ఎక్కువ బరువు వేసి పరిగెత్తించడం నువ్వు చూసే ఉంటావు. ఇక్కడి పూల్ హాళ్ళలో కూడా స్పాట్‌ను "వెయిట్" అనే అంటారు. ఎక్కువ తక్కువలున్న ఇద్దరు డబ్బు పెట్టి ఆడాలంటే వాళ్ళ మధ్య ఏదో ఒక సర్దుబాటు ఉండి తీరాలి, లేకపోతే దాన్ని ఆట అనరు, వసూలు అంటారు. మన భీమవరం వైపు కోడిపందేలలో పుంజులకు జత కుదిర్చేది యజమానులు, పుంజుకు నోరు లేదు కనుక. పూల్ హాల్లో పుంజే తన జత తానే మాట్లాడుకోవాలి. అందుచేతనే ఇక్కడ మాట తీరుకు అంత పట్టింపు. ఆట సగం బేరంలోనే గెలుస్తారని ఇక్కడి పాతకాపులు అనడం నేను వచ్చిన కొత్తలోనే విన్నాను.

ఇక నీ రెండో తప్పు, ఎంత అడిగావన్నది. ఏడు నాలుగుతో ఓడినవాడు సెవెన్ అడగకూడదు. నైన్ బాల్‌లో బంతుల స్పాట్ మెట్లు మెట్లుగా ఉంటుంది. చివరి రెండు బంతుల్లో ఏది వేసినా గెలిచినట్టు అనేది ఒక మెట్టు, ఎయిట్ వేసినా గెలిచినట్టు అనేది దాదాపు దాని పక్క మెట్టు, ఆ తరువాతే సెవెన్, ఆ పైన సిక్స్. నువ్వు కింది మెట్లు వదిలేసి ఒక్కసారిగా పైకి గెంతావు. నీ మాట విన్నవాడికి రెండే అర్థాలు తోస్తాయి: ఇతనికి ఆట విలువ తెలియదు, లేదా ఎదుటివాడిని తెలివితక్కువవాడనుకుంటున్నాడు. సుల్తాన్ బజార్లో చీర ధర సగానికి అడిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి పిలిపించుకునే విద్య మీ అమ్మకు తెలుసు, నీకు ఆవిడ పోలికే వచ్చింది. ఆ విద్య ఇక్కడ చెల్లదు, ఎందుకంటే చీరలమ్మేవాడికి అమ్మకం కావాలి, పూల్ హాల్లో నీకన్నా మంచి ఆటగాడికి నీతో ఆడవలసిన అవసరం లేదు.

నేను పాటించే లెక్క ఒకటి చెబుతాను. ఆడిన సెట్లలో తేడా ఎంత వచ్చిందో అంతకు కొంచెం తక్కువ అడుగు. నువ్వు రెండుసార్లూ మూడు గేముల తేడాతో పోయావు కనుక, ఏడు గేముల రేసులో నీకు "వైర్ మీద" రెండు గేములు అడగడం న్యాయం, అంటే అతను ఏడు గెలవాలి, నువ్వు ఐదు గెలిస్తే చాలు. పూర్వం బల్ల పైన తీగ కట్టి పూసలు జరుపుతూ గేములు లెక్కపెట్టేవారు కనుక ఆ మాట మిగిలిపోయింది. కొంచెం తక్కువ అడగడం వల్ల నీకు ఆ రోజు పది, ఇరవై డాలర్ల నష్టం రావచ్చు గానీ, ఈ కుర్రవాడు ఉన్నది ఉన్నట్టు అడుగుతాడన్న పేరు వస్తుంది, ఆ పేరుంటే తరువాతి ఆరు నెలలు ఎవరూ నీతో ఆడనని అనరు.

నీకు ఏ స్పాట్ పనికొస్తుందో కూడా ఆలోచించు. మొదట్లో అందరూ అడిగేది ఎయిట్. కానీ ఎయిట్ దాకా వచ్చి నైన్ దగ్గర తడబడేవాడికే దానివల్ల లాభం. నువ్వు నాలుగైదు బంతులు వేసి ఆగిపోతున్నావని నువ్వే చెప్పావు, అప్పుడు ఎయిట్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. బ్రేకులన్నీ, అంటే గేము మొదట బంతులను చెదరగొట్టే దెబ్బలన్నీ, నీకే ఇమ్మని అడగడం కూడా అంతే, నీ బ్రేక్‌కు బంతి పడకపోతే దానివల్ల బల్ల ఎదుటివాడికి అప్పగించినట్టవుతుంది. గెలిచినవాడే బ్రేక్ చేసే పద్ధతికి బదులు ఒకరి తరువాత ఒకరు బ్రేక్ చేద్దామని అడిగితే, బలమైన ఆటగాడు వరుసగా నాలుగు రాక్‌లు (పేర్చిన బంతులు, అంటే గేములు) ఊడ్చుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. ఎవరికీ స్పాట్ ఇచ్చినట్టు కనిపించని మార్గం ఇంకొకటి ఉంది, రేసు తగ్గించమనడం. పొట్టి రేసులో అదృష్టానికి చోటు ఎక్కువ, పొడుగు రేసులో పైచేయి ఉన్నవాడికి తేరుకునే వ్యవధి ఎక్కువ. 1996లో హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రెయెస్, అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లాండ్ లక్ష డాలర్లకు 120 గేముల రేసు మూడు రోజులపాటు ఆడారు. ఒక దశలో పదిహేడు గేములు వెనకబడిన రెయెస్ చివరకు 120-117తో గెలిచాడు. అదే పోటీ యాభైకి పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. కాబట్టి ఎదుటివాడు పదకొండుకు ఆడదామంటే, మర్యాదగా ఏడు చాలు అనవచ్చు. స్పాట్ అన్న మాట ఎత్తకుండానే సగం స్పాట్ తీసుకున్నట్టు.

వన్ పాకెట్ అనే ఇంకో పూల్ ఆట జోలికి నువ్వింకా వెళ్ళలేదు, వెళ్ళినప్పుడు ఇంకో లేఖ రాస్తాను. అక్కడ లెక్క నిజానికి తేలిక. పదిహేను బంతుల్లో ఎనిమిది తనకు కేటాయించిన ఒక్క పాకెట్‌లో వేసినవాడిది గెలుపు, తేడా ఉంటే ఒకరు తొమ్మిది వేయాలి, ఇంకొకరు ఏడు వేస్తే చాలు అని మాట్లాడుకుంటారు.

ఫార్గో నంబర్ల గురించి, అంటే ఆటగాళ్ళ బలానికి వేసే రేటింగుల గురించి అడిగావు. మంచి సాధనమే. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడు రెండు గేములు గెలిచేసరికి కిందివాడు ఒకటి గెలుస్తాడని దాని లెక్క. నీది 520, అతనిది 620 అయితే ఎనిమిదికి నాలుగు అన్నది దాదాపు సమానమైన పోటీ. కానీ 200 గేములైనా నమోదు కానివాడి నంబరును నమ్మవద్దు, అది ఇంకా కుదురుకోలేదన్నమాట. బేరం మొదట్లోనే ఫోను తీసి అతని ముఖం ముందు నంబరు పెట్టడం కూడా మంచి పని కాదు, ముప్పై ఏళ్ళుగా కళ్ళతోనే ఆటను తూకం వేసినవాళ్ళు దాన్ని సాక్ష్యం చూపించి నిలదీసినట్టు తీసుకుంటారు. లీగ్ ఆటగాళ్ళయితే వాళ్ళే ముందు అడుగుతారు, అప్పుడు నీది దాచకుండా చెప్పు. నీ ఆట తక్కువ చేసి చెప్పుకుని స్పాట్ తీసుకోవడం ఒకసారి పనిచేస్తుంది, ఆ హాల్లో అదే చివరిసారి కూడా అవుతుంది.

ఏమి అడిగినా దాని అంచులు ముందే మాట్లాడుకోవాలన్న సంగతి నేను నా చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాను. 1990లలో ఒక పెద్దాయన నాకు ఎయిట్ ఇచ్చి ఆడాడు. ఏడుకు రేసు, ఇద్దరం చెరో ఆరు గెలిచాం. చివరి గేములో నా బ్రేక్‌కే ఎయిట్ పడింది. గెలిచానని నేను చెయ్యి చాచాను. వరుస వచ్చినప్పుడు వేస్తేనే లెక్క, బ్రేక్‌లో పడినది చెల్లదు అని ఆయన అన్నాడు. ఎయిట్ ఎప్పుడు ఎలా పడినా గెలుపే అనుకున్నామా, దాన్ని "వైల్డ్" అంటారు, లేక చెప్పి వేయాలా అన్నది మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. అబద్ధం ఇద్దరిలో ఎవరూ ఆడలేదు. చివరకు ఎవరి డబ్బు వారు తీసుకున్నాం, కానీ ఆ తరువాత ఆయన నాతో ఆడలేదు, నాకు ఆయన ఆట నుంచి నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది. అందుచేత వైల్డా కాదా, బ్రేక్‌లో పడితే చెల్లుతుందా, బ్రేక్ ఎవరిది, రేసు ఎంత, టేబుల్ టైమ్, అంటే బల్ల అద్దె, ఎవరు కట్టాలి, ఇవి మొదటి రాక్ పేర్చకముందే పైకి అనుకోవాలి. డబ్బు కూడా అప్పుడే బల్ల పైనున్న దీపం మీద పెట్టేస్తే ఇంకా మంచిది.

అడిగే మాట ఎలా ఉండాలో చెబుతాను. "మీరు నాకన్నా బాగా ఆడుతున్నారు, రెండు సెట్లూ ఏడు నాలుగుతో పోయాయి, వైర్ మీద రెండు గేములు ఇస్తే ఇంకో సెట్టు ఆడాలని ఉంది." ఇంతే. అతను ఒకటి ఇస్తానంటే నువ్వు ఒకసారి మళ్ళీ అడగవచ్చు. మూడోసారి అడగకు. ఇవ్వనంటే థాంక్స్ చెప్పి అక్కడే కూర్చుని వాళ్ళ ఆట చూడు, అలిగి వెళ్ళిపోకు. పందెం సొమ్ము పెంచడమూ స్పాట్ అడగడమూ ఒకే ఊపిరిలో చేయకు, పోయినదంతా ఒక్కసారే లాగాలని చూస్తున్నావని తెలిసిపోతుంది. సెట్టు మధ్యలో నాలుగు సున్నాతో వెనకబడి ఉన్నా సరే నోరు మెదపకూడదు, మాట్లాడుకున్న స్పాట్ ఆ సెట్టు పూర్తయ్యేవరకు శిలాశాసనం. అలాగే నువ్వు గోడ పక్కన కూర్చుని పై పందెం కాసే రోజున, ఇతరుల స్పాట్ ఎక్కువనో తక్కువనో వ్యాఖ్యానించకు, నీ డబ్బు ఎవరి మీద ఉందో అందరికీ తెలుసు.

ముక్కూ మొహం తెలియనివాడిని స్పాట్ అడగడం వేరే సంగతి. ఆట చూడకుండా అడిగితే నువ్వు అతని బలం తెలుసుకోలేదు గానీ నీ బలహీనత చెప్పేశావన్నమాట. 1985లో ఈ హ్యూస్టన్‌లోనే, రెడ్స్ అనే హాల్లో జరిగిన టోర్నమెంట్‌కు సీజర్ మొరాలెస్ అనే పేరుతో ఒక ఫిలిప్పీన్స్ మనిషి వచ్చి అందరినీ ఓడించి వెళ్ళాడు, అతను ఇందాక చెప్పిన ఎఫ్రెన్ రెయెసే. నేను ఈ ఊరు వచ్చేసరికి ఆ కథ ఇంకా చల్లారలేదు. కొత్త మనిషితో మొదటి సెట్టు టేబుల్ టైమ్‌కో ఐదు డాలర్లకో సమానంగా ఆడు. ఆ సెట్టు ఖరీదు ఫీజు అనుకో.

ఇంకొక మర్యాద ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. స్పాట్ తీసుకుని వరుసగా గెలుస్తుంటే, ఎదుటివాడు అడగకముందే కొంత వెనక్కి ఇవ్వాలి. ఒక లారీ డ్రైవర్ నాకు సెవెన్ ఇచ్చి మూడు సెట్లు ఓడాడు. నాలుగో సెట్టుకు ఎయిట్ చేద్దామన్నాడు, నేను మాట మాటే అని మొండికేశాను. ఆరోజు అరవై డాలర్లు గెలిచి ఇంటికి వచ్చాను, నిద్ర పట్టలేదు. వారం తరువాత వెళ్ళి నేనే ఎయిట్ అన్నాను. అతను తల ఊపి, సమానంగా ఆడదామన్నాడు, నన్ను ఓడించాడు కూడా.

చట్టం మాట కూడా చెప్పాలి, లేకపోతే పెద్దవాడిని కాను. డబ్బు పెట్టి ఆడడాన్ని ఈ దేశంలో చాలా రాష్ట్రాలు బహిరంగ స్థలాల్లో ఒప్పుకోవు, కొన్ని హాళ్ళలో గోడ మీద బోర్డే ఉంటుంది. నువ్వు వీసా మీద ఉన్నవాడివి. టేబుల్ టైమ్ ఓడినవాడు కట్టే ఆటకూ, పెద్ద నోట్లు చేతులు మారే ఆటకూ మధ్య ఎక్కడ ఆగాలో నీకు నువ్వే గీత గీసుకో, హాలు యజమానిని ఇబ్బంది పెట్టకు.

వచ్చే శుక్రవారం త్వరగా వెళ్ళు. ఆ మనిషి ఖాళీగా ఉన్నప్పుడు, ఆటలో ఉన్నప్పుడు మాత్రం వద్దు, దగ్గరకు వెళ్ళి, ఆరోజు డబ్బు ఇవ్వకముందే స్పాట్ అడగడం తొందరపాటని ఒప్పుకో. తరువాత వైర్ మీద రెండు గేములు అడుగు. ఒకటే ఇస్తానంటే తీసుకో. నలభైకి బదులు ఇరవైకి ఆడు. ఏమైందో ఉత్తరంలో రాయి, ఫోను చేస్తే మీ అత్తయ్య వింటుంది.

ఆశీస్సులతో,
మావయ్య