మూత్రపిండంలో లేని మూత్రపిండ క్యాన్సర్

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో “రోగికి మూత్రపిండ క్యాన్సర్ ఎముకలకు సోకింది. అయితే ప్రాథమిక కణితి లేదు” అని చదివాను. ప్రాథమిక కణితి అంటే క్యాన్సర్ మొదట పుట్టిన చోట ఉండే కణితి అట. మూత్రపిండంలో లేనిది మూత్రపిండ క్యాన్సర్ ఎలా అవుతుంది? వాక్యంలో తప్పుందా?

సమాధానం: మీరు తప్పుబట్టిన మాట సరైనదే. చిక్కు మిగతా మాటల్లో ఉంది.

“మూత్రపిండ క్యాన్సర్” షష్ఠీ సమాసం, అంటే “మూత్రపిండం యొక్క క్యాన్సర్”. ఇక్కడ అది పుట్టుకను చెబుతుంది, చోటును కాదు. ఏటి ఇసుకను ఇంటి ముందు కుప్ప పోసినా ఏటి ఇసుకే కదా. వైద్యులు కూడా క్యాన్సర్‌కు పేరు పెట్టేది ఎక్కడ దొరికిందో చూసి కాదు, ఏ అవయవపు కణాల నుంచి పుట్టిందో చూసి. ఎముక నుంచో ఊపిరితిత్తి నుంచో బయాప్సీ తీసి, కణాల తీరు చూస్తారు. పాక్స్-8 లాంటి ప్రొటీన్లు ఉన్నాయేమో పరీక్షిస్తారు. అదొక్కటే చాలదు, థైరాయిడ్, అండాశయ క్యాన్సర్లలోనూ అది కనిపిస్తుంది. అన్నీ కలిపి చూశాక, స్కాన్‌లో మూత్రపిండాలు మామూలుగానే ఉన్నా, ఇది అక్కడి క్యాన్సరే అని తేలే సందర్భాలు అరుదుగా ఉంటాయి. ఊపిరితిత్తిలో దొరికింది కదా అని దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటేనే తప్పు. ఆ రెండింటికీ వైద్యం వేరు.

“మూత్రపిండంలో క్యాన్సర్” అంటే మాత్రం చోటు చెప్పినట్టే.

ఇక “లేదు”. అంత ఖాయంగా ఎవరు చెప్పగలరు? మూత్రపిండంలోని కణితి స్కాన్‌కు అందనంత చిన్నది కావచ్చు, పుట్టి తనంతట తానే కరిగిపోయి ఉండవచ్చు. “కనబడలేదు” అంటే వెతికారు, దొరకలేదు అని మాత్రమే అర్థం. అదే నిజం కూడా.

“ప్రాథమిక” నాకు అసలు నచ్చదు. ప్రాథమిక దశ, ప్రాథమిక చికిత్స అని విని విని, “ప్రాథమిక కణితి” అనగానే జబ్బు ఇంకా మొదట్లోనే ఉందని అనుకుంటారు. దూరపు అవయవాలకు పాకిన మూత్రపిండ క్యాన్సర్ నాలుగో దశ కిందికి వస్తుంది. టెన్షన్‌లో ఉన్న ఇంటివాళ్లకు ఆ మాట లేని ఆశ కల్పిస్తుంది. “మూల కణితి” అంటే ఆ ఇబ్బంది లేదు.

“సోకింది” కూడా మార్చాలి. అంటువ్యాధి సోకుతుంది, క్యాన్సర్ పాకుతుంది. “రోగికి మూత్రపిండ క్యాన్సర్ ఎముకలకు పాకింది. అయితే మూత్రపిండాల్లో మూల కణితి కనబడలేదు” అని రాస్తే సరిపోయేది.