టేపు రైతు చేతికివ్వు

అమ్మాయికి,

మామ ఆశీస్సులు. కదిరి వైపు భూగర్భ జలాల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. "నీకు తెలిసినవి నాలుగు ముక్కలు దానికి రాసి పెట్టన్నా" అంది. ఫోన్లో చెబితే సగం నెట్‌వర్క్ మింగేస్తుంది, అందుకే రాస్తున్నా. పొడుగనిపిస్తే రెండు దఫాలుగా చదువుకో.

నీళ్లు పొదుపుగా వాడండి అని చెప్పడానికి మాత్రం ఊళ్లోకి వెళ్లకు. ఆ మాట చెప్పి, టీ తాగి, ఫోటో దిగి వెళ్లినవాళ్లు ఆ ఊళ్లకి కొత్త కాదు. బోరు ఎండి చీనీ (బత్తాయి) చెట్లని ట్యాంకర్లతో బతికించుకున్న మనిషికి నీటి విలువ గురించి మనం చెప్పేదేముంది? తన బోరు సంగతి ఆయనకి బాగా తెలుసు. ఊరి కింద మొత్తం ఎంతుంది, ఊరంతా కలిసి ఎంత తోడేస్తోంది అన్నది ఎవరికీ తెలియదు. ఆ లెక్క ఊరి చేతికి రావాలి. నీ ఉద్యోగం మొత్తం ఇంతే అనుకో. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నువ్వు జియాలజీ చదివావు కాబట్టి రాయి గురించి నీకు చెప్పక్కర్లేదు. కానీ ఊళ్లో ఎలా చెప్పాలో చెబుతా. సీమలో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని మీటర్లు కుళ్లిన రాయి, దాని కింద పగుళ్లు, నీళ్లుండేది ఆ రెండు చోట్లే. అందుకే ఒకే గట్టుకి అటు మూడించుల నీళ్లు పడతాయి, ఇటు దుమ్ము లేస్తుంది. వెయ్యి అడుగులు దించితే గంగ పైకొస్తుందని రిగ్గు ఏజెంటు నమ్మిస్తాడు. లోతుకి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయని, అక్కడ దొరికేది ఎక్కువగా పక్కోడి పగుల్లోంచి వచ్చేదేనని ఆయన చెప్పడు. ఇది వివరించాలంటే స్లైడ్లు అక్కర్లేదు. ఊరి పక్కన పాత దిగుడు బావి ఉంటుంది, ఎండిపోయినదైనా సరే. జనాన్ని దాని అంచుకి తీసుకెళ్లు. గోడలో పొరలన్నీ కళ్లెదుటే కనిపిస్తాయి. ఒకప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో చూపించడానికి పెద్దాళ్లు పోటీ పడతారు, నువ్వు నోరు మూసుకుని వింటే చాలు. భూగర్భ జలం బ్యాంకు ఖాతా లాంటిది అనే ఉదాహరణ మాత్రం వాడకు, ప్రతి ట్రైనింగ్‌లోనూ అదే విని విని వాళ్లకి విసుగొచ్చింది.

ఆ తర్వాత లెక్క. దీన్ని కాగితం మీద చేసి పంచిపెట్టకుండా రచ్చకట్ట మీద సుద్దముక్కతో వాళ్ల చేతే చేయించు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. ఎండకి ఆవిరైపోయేది, చెట్టూ చేమా తాగేది, వంకల్లో పారిపోయేది పోగా గట్టి రాతి నేలలో కిందకి ఇంకేది పదో వంతు, అటూ ఇటూ. రెండు లక్షల చిల్లర. ఇప్పుడు బోరు కింద వరి వేసిన రైతుని లెక్క కట్టమను. పంటకాలానికి 1,200 మిల్లీమీటర్లు పెడతాడనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మడిలోంచి కొంత మళ్లీ కిందకి దిగుతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు, ఆ మాట నిజమే. సగం వెనక్కి దిగిందనుకున్నా, ఆ ఒక్క ఎకరం వరికి పదకొండు ఎకరాల మీద ఇంకిన వాన కావాలి. అక్కడ ఆగు. ఇంకేమీ మాట్లాడకు. "అట్లయితే మిగతా పదెకరాలు ఎవురివి?" అని జనంలోంచే ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న నీ నోటి నుంచి వస్తే ఉపన్యాసం. వాళ్ల నోటి నుంచి వస్తే సాయంత్రం దాకా పంచాయితీ. చెనక్కాయకి వరిలో సగం నీళ్లు కూడా అక్కర్లేదని, కొర్రకి ఇంకా తక్కువని లెక్క తేల్చేదీ వాళ్లే.

మన దగ్గర ఈ పద్ధతి కొత్తదేం కాదు. 2003లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని నోరు తిరగని పేరుతో, భూగర్భ జలాన్ని రైతులే చూసుకునే ఒక ప్రాజెక్టు మొదలైంది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ, ముందుండి నడిపింది బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ, దానితో పాటు మరికొన్ని. బోర్లలో నీటిమట్టం రైతులే పదిహేను రోజులకోసారి కొలిచేవాళ్లు, వాన కొలిచేవాళ్లు, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్, అంటే కింద ఉన్న నీళ్లెంత, పంటలకి కావాల్సిందెంత అన్న లెక్క, వేసేవాళ్లు. ఈ పంట వెయ్యొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, జరిమానాలు లేవు. లోటు ఎంతో గోడ మీద కనబడేది, పంట ఏం వేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. చాలామంది వరి విస్తీర్ణం తగ్గించారు. ప్రాజెక్టు ముగిశాక వెళ్లి చూసినవాళ్లు మాత్రం చాలా ఊళ్లలో కొలతలు నిలిచిపోయాయని రాశారు. ఈ రెండూ గుర్తుంచుకో. మొదటిది చూసి ధైర్యం తెచ్చుకో, రెండోది చూసి జాగ్రత్తపడు.

జాగ్రత్త ఎక్కడంటే, కొలిచే పని దగ్గరే. బోరులో నీటిమట్టం కొలిచే టేపు నీ బండిలో పెట్టుకుని ఊరూరా తిరిగితే అంకెలు వేగంగా వస్తాయి, ఆఫీసులో మెచ్చుకుంటారు. నువ్వు బదిలీ అయిన నెలకే ఆ పని ఆగిపోతుంది. టేపు ఊళ్లోనే ఉండాలి. మొదటి రోజు నుంచే దాన్ని దించేది రైతే. ఆడవాళ్లలో ఇద్దరు నేర్చుకుంటే ఇంకా మంచిది, మగాళ్లు బెంగళూరు పనులకి పోయినా కొలత ఆగదు.

కొలత పెద్ద విద్యేమీ కాదు, కానీ సోమరితనంగా చేస్తే పనికిరాదు. పొద్దున్నే, కరెంటు రాకముందే, మోటారు రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కొలవాలి. ఆటో స్టార్టర్ పెట్టిన బోరైతే ముందు రోజే రైతుతో చెప్పి ఆపించు, లేకపోతే తెల్లవారుజామున కరెంటు రాగానే అదే లేచి తోడేస్తుంది. బోరు పైన కనిపించే కేసింగ్ పైపు అంచు మీద పెయింటుతో ఒక గీత పెట్టు, ప్రతిసారీ ఆ గీత నుంచే లోతు చూడాలి. టేపు చివరుండే ప్రోబ్ నీళ్లకి తగలగానే బీప్ వస్తుంది. వచ్చాక జానెడు పైకి లాగి మళ్లీ మెల్లగా దించి చూడాలి, తడిగా ఉన్న పైపుకి తగిలినా ఒక్కోసారి అరుస్తుంది. మోటారు పైపుకి, కేబుల్‌కి మధ్య టేపు ఇరుక్కుంటే గుంజొద్దు, వదులు చేసి తిప్పుతూ తీయాలి. బోరు ఎంత ఇస్తోందో చూడాలంటే 200 లీటర్ల డ్రమ్ము, చేతిలో సెల్‌ఫోన్ చాలు. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకి రెండు లీటర్లు, గంటకి 7,200. ఇంచుల్లో చెప్పుకునే అలవాటు ఎలాగూ పోదు, పక్కన లీటర్లూ రాయించు.

వానమాపకం పొద్దున ఎనిమిదిన్నరకి చూడాలి. దాన్ని చెట్టు కింద, గోడ పక్కన పెట్టనీయకు. బడిలో పెడితే ఎండాకాలం సెలవుల్లో వచ్చే వానలు ఎగిరిపోతాయి. బడికి దగ్గర్లో ఉండే ఇంటి వాకిలి మేలు.

అంకెలు రిజిస్టర్‌లో దాక్కుంటే దండగ. పాల కేంద్రం గోడ చూసుకో. పంచాయతీ ఆఫీసుకి అందరూ రోజూ రారు, పాలకి మాత్రం రెండు పూటలా వస్తారు. అక్కడ నల్లరంగు వేసి, బోరు పేరు, తారీఖు, నీళ్లున్న లోతు రాయించు. రైతు పేరు రాస్తే మొదట్లో గొడవలొస్తాయి, "నా బోరులో నీళ్లున్నాయని అప్పులోళ్లకి తెలుస్తుంది" అంటారు. అది ఉత్త భయం కాదు. పేరు బదులు పొలం గుర్తు రాయించు, చింతమాను కింద బోరు, గుడి మడి బోరు అని. ఎవరిదో అందరికీ తెలుసు, అయినా మర్యాద నిలుస్తుంది.

మీటింగ్ ఎప్పుడు పెడతావన్నది దాదాపు అన్నిటికంటే ముఖ్యం. నీటి బడ్జెట్ నవంబరులో వేస్తే అప్పటికి విత్తనాలు కొనేసి ఉంటారు, దుక్కి అయిపోయి ఉంటుంది. సెప్టెంబరు ఆఖర్లో, మహా అయితే అక్టోబరు మొదటి వారంలో లెక్క చెప్పాలి. వేళ కూడా చూసుకో, పగలు కరెంటిచ్చే గంటల్లో ఒక్కడు కూడా రాడు.

చీనీ తోటలున్నవాళ్ల సంగతి వేరు. వరి రైతు ఈ ఏడు మానేసి వచ్చే ఏడు వేసుకోవచ్చు. చీనీ రైతు చెట్టుకి ఒక్క వేసవి నీళ్లు తప్పిస్తే ఏళ్ల కష్టం పోతుంది. అందుకే బడ్జెట్‌లో ముందు తాగునీరు, పశువులు, ఆ తర్వాత ఉన్న తోటలు తీసేసి మిగిలినదే పంటలకి పంచాలని ఊరిచేత ఒప్పించు. కొత్త తోటల దగ్గరే వాదన జరగాలి, పాత తోటల దగ్గర కాదు. డ్రిప్ విషయం కూడా సూటిగా చెబుతున్నా. డ్రిప్ మంచిదే, సబ్సిడీ ఉంటే పెట్టించు. కానీ డ్రిప్ వేసినంత మాత్రాన భూమిలో నీళ్లు మిగలవు. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం వేస్తాడు. అది ఆయన తప్పూ కాదు. ఊరంతా కూర్చుని విస్తీర్ణం మీద ఒక మాట అనుకుంటేనే ఆదా ఆదాగా ఉంటుంది. డ్రిప్ ఎకరాలని లీటర్లలోకి మార్చి "ఇంత నీరు కాపాడాం" అని రిపోర్టులో రాయమని నిన్ను అడుగుతారు. రాయకు. ఎకరాల లెక్కే ఇవ్వు.

చెక్‌డ్యాములదీ అంతే. దాతలకి ఇష్టం, రిబ్బన్ కట్ చేయడానికి బాగుంటాయి. వంక మీద పైనుంచి కిందకి వరసగా కట్టుకుంటూ పోతే కింద ఊరి చెరువుకి నీళ్లు చేరవు. కొత్తది కట్టే ముందు కింద ఊరివాళ్లని పిలిచి అడుగు. చాలాసార్లు పాత చెరువు కాలువ పూడిక తీస్తే సరిపోతుంది.

చట్టం గురించి ఎవరైనా అడిగితే: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి కావాలి. ఆచరణలో రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి వెళ్లిపోతుంది. నువ్వు కాపలా ఉండలేవు, ఫిర్యాదుదారువి అస్సలు కాకు. ఒకసారి ఆ ముద్ర పడితే ఎవరూ తమ బోరు మూత తీయనివ్వరు. దానికన్నా బోరున్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒక పైపులైను కిందకి తేవడం మీద మనసు పెట్టు. వాసన్ లాంటి సంస్థలు అనంతపురం వైపు ఈ పని చేశాయి. బోరు లేని రైతు ఖరీఫ్ పంటకి బెట్ట సమయంలో ఒకటి రెండు తడులు దొరుకుతాయి, బదులుగా ఇన్నేళ్లు ఎవరూ కొత్త బోరు వేయకూడదని అందరూ సంతకం పెడతారు. రెండు తడులు కచ్చితంగా దొరుకుతాయంటే రిగ్గుకి అప్పు చేయాలన్న టెన్షన్ దానంతటదే తగ్గుతుంది. బోరున్నవాడికి ఏం లాభం అని అడుగుతారు, సిద్ధంగా ఉండు. పక్కన కొత్త బోరు పడకపోవడమే ఆయన లాభం.

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. కాయ నిలబడితే నీళ్లున్నట్టు. నీకు నవ్వొస్తుంది, నవ్వకు. నలుగురిలో ఆయన్ని తీసిపారేస్తే ఊరు ఆయన పక్కనే నిలబడుతుంది. ఆయన చూపించిన బోర్ల లోతులు, ఫెయిలైనవి, పడినవి, అన్నీ ఆయనకి కంఠతా ఉంటాయి. కూర్చోబెట్టి చెప్పించుకుంటే సగం మ్యాపు తయారైపోతుంది.

తాగునీటి బోర్లలో ఫ్లోరైడ్ పరీక్ష తప్పకుండా చేయించు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. లోతు బోర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఫలితం నెలల తరబడి ఆఫీసులో ఉంచుకోకుండా అదే వారంలో ఊళ్లో చెప్పు, నీళ్లు మోసే ఆడవాళ్లకి ముందు చెప్పు. మగాళ్ల మీటింగ్ అరుగు మీద జరుగుతుంటే వాళ్లు గోడ పక్కన నిలబడి వింటుంటారు. నీ కుర్చీ అటు తిప్పుకో.

ఇక మీ ఆఫీసు సంగతి. ప్రాజెక్టు ఎన్నేళ్లదో, డబ్బు ఎప్పుడు ఆగుతుందో ఇప్పుడే అడిగి తెలుసుకో, ఊరివాళ్లకీ దాచకుండా చెప్పు. టేపు బ్యాటరీ, గోడకి పెయింటు, కొలిచేవాళ్లకి ఏదో కాస్త భత్యం, ఈ మూడింటికీ మీరు వెళ్లాక ఎవరిస్తారో రెండో ఏడాదిలోనే ఊరిచేత తేల్పించు. బోరున్న ప్రతి రైతూ ఏడాదికి ఇంత అని వేసుకుంటారో, పంచాయతీ తీర్మానం చేస్తుందో, మహిళా సంఘం తీసుకుంటుందో వాళ్ల ఇష్టం. ఆఖరి ఏడాదిలో అడిగితే ఎవరూ నమ్మరు, మీరెలాగూ పోతున్నారు కదా అంటారు.

టేపు కొనే బాధ్యత నీదైతే 100 మీటర్లది తీసుకోకు. మీ వైపు బోర్లకి చాలాచోట్ల చాలదు, 200 మీటర్లది అడుగు. ఫీల్డ్‌కి వెళ్లే ముందు మీ అమ్మకి ఒక ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామ